పదమూడో ఎక్కం అప్పజెబుతూ పరుగెత్తండి

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీకు 41 ఏళ్లు. విజయవాడలో పద్దులు చూసే ఉద్యోగం, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా కుర్చీలోనే. మూడేళ్లలో మూడుసార్లు పరుగు మొదలుపెట్టి మూడుసార్లూ పది రోజులకే మానేశారు. వీడియోలు చూశారు, చేతికి ఖరీదైన గడియారం కొన్నారు. అయినా ఐదింటికి అలారం మోగితే దాని నోరు నొక్కి మళ్లీ పడుకుంటున్నారు. ఈలోగా మీ ఆఫీసులో ఒకాయన డిసెంబరులో జరిగే 5 కిలోమీటర్ల పరుగుకు మీ పేరు కూడా ఇచ్చేశారు. ఇంకా పది వారాలే ఉంది. 'నాలో పట్టుదల లేదేమో, ఈ ప్రేరణ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి' అని అడిగారు.

నా సంగతి ముందు చెబుతాను, ఎవరు చెబుతున్నారో తెలియాలి కదా. నాకు 52. బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఉండేది తార్నాక. 38వ ఏట వరకు బస్సు వెంట తప్ప దేని వెంటా పరుగెత్తి ఎరుగను. పద్నాలుగేళ్లుగా పరుగెడుతున్నాను. పతకాలు గెలిచే రకాన్ని కాదు, ఎప్పుడూ వెనక గుంపులోనే ఉంటాను. కాకపోతే ఆదివారాలు ఉస్మానియా క్యాంపస్‌లో కొత్తగా మొదలుపెట్టినవారి పక్కన నెమ్మదిగా పరుగెత్తడం చాలాకాలంగా నా పనైపోయింది. కాబట్టి మొదలుపెట్టినవాళ్లు ఎందుకు మానేస్తారో దగ్గరగా చూశాను.

మీ కారణం మీ ప్రశ్నలోనే ఉంది. 'రెండో కరెంటు స్తంభం దగ్గరికే ఊపిరి అందదు, గుండె నోట్లోకి వస్తుంది, ఇక నడిచి ఇంటికొస్తాను' అని రాశారు. మీకు తక్కువైంది పట్టుదల కాదండీ, ఎక్కువైంది వేగం.

మనకు తెలిసిన పరుగు ఒక్కటే. బడిలో ఆటలపోటీల రోజున ఈల వేయగానే వంద మీటర్లు ఉరికేది. లేకపోతే కదిలిపోతున్న బస్సును అందుకునేది. పాతికేళ్ల తర్వాత 'పరుగెత్తు' అని కాళ్లకు చెబితే వాటికి గుర్తున్నది అదే. అలా ఉరికితే కండరాలకు కావలసినంత ఆక్సిజన్ను గుండె, ఊపిరితిత్తులు అందించలేవు. శరీరం ఆక్సిజన్ అవసరం లేని దారిలో శక్తి పుట్టించుకోవాల్సి వస్తుంది. ఆ దారి చాలా చిన్నది. నిమిషమో రెండు నిమిషాలో కాగానే కాళ్లు బరువెక్కి రొప్పు మొదలవుతుంది. ఇది పదిసార్లు జరిగాక మర్నాడు అలారం మోగినప్పుడు మీ బుర్ర ఏమంటుంది? 'నిన్నటి నరకం మళ్లీనా, వద్దు' అంటుంది. అది సోమరితనం కాదు, తెలివే. వాతపెట్టిన చోటికి పిల్లి కూడా రెండోసారి రాదు. ఆ నరకాన్ని అలాగే ఉంచి, వీడియోలు చూసి ఉత్సాహం తెచ్చుకుందామనుకుంటే ఎన్ని రోజులు నిలుస్తుంది? మీకు సరిగ్గా పది రోజులు నిలిచింది. నిజానికి నాకంటే మీకే పట్టుదల ఎక్కువ. నేను మొదటిసారి నాలుగో రోజే మానేశాను.

అందుకని ప్రేరణ సంగతి తర్వాత చూద్దాం, ముందు వేగం తగ్గించండి. ఎంత తగ్గించాలి? గడియారం చెప్పదు. మీరు పద్దుల మనిషి కాబట్టి మీకు పనికొచ్చే కొలత చెబుతాను. పరుగెడుతూ పదమూడో ఎక్కం పైకి అప్పజెప్పండి. 'పదమూడు ఒకట్లు పదమూడు, పదమూడు రెళ్లు ఇరవై ఆరు' అంటూ ఒక్కో వాక్యం మధ్యలో తెగకుండా రావాలి. 'పదమూడు మూళ్లు' దగ్గరే ఊపిరి తీసుకోవలసి వస్తే మీరు వేగంగా వెళ్తున్నారు. ఎక్కం పాటలాగా హాయిగా వస్తుంటే సరైన చోట ఉన్నారు. ఇదే పరీక్షను శిక్షకులు మాట పరీక్ష అంటారు, మాట్లాడగలిగేంత వేగం అన్నమాట. ఎక్కం నా చేర్పు. పన్నెండో ఎక్కం పనికిరాదు, అది నిద్రలో కూడా వచ్చేస్తుంది. పదమూడుకు కాస్త ఆలోచించాలి, ఆలోచన సాగాలంటే ఊపిరి నెమ్మదిగా ఉండాలి.

ఇలా వెళ్తే మీ పరుగు నడకకంటే పెద్ద వేగంగా ఏమీ ఉండదు. సిగ్గుగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. మొదటి నెలలో ఒకరోజు ఆర్ట్స్ కాలేజీ ముందు నేను పరుగెడుతుంటే చేతికర్రతో నడుస్తున్న ఒక పెద్దాయన నన్ను దాటి వెళ్లి, వెనక్కి తిరిగి, 'అమ్మా, కాలేమైనా నొప్పా?' అని పాపం నిజంగానే అడిగారు. నా మొదటి 5 కిలోమీటర్లకు 46 నిమిషాలు పట్టింది. గట్టిగా నడిచేవాళ్లు దాదాపు అంతే సమయంలో వెళ్లగలరు. మరి నడవకుండా పరుగెందుకు అంటారా? ఆ నెమ్మది పరుగులో కూడా రెండు కాళ్లూ ఒక్క క్షణం నేలను వదులుతాయి. నేలకు తగిలిన ప్రతిసారీ మీ బరువుకు రెండు మూడు రెట్ల ఒత్తిడి కాలిమీద పడుతుంది. ఎముకలు, వాటికి కండరాలను కట్టి ఉంచే స్నాయువులు దానికి అలవాటు పడాలి. ఆ అలవాటును నడక ఇవ్వదు.

ఇక్కడే కొత్తవాళ్లను దెబ్బతీసే ఇంకో లెక్క ఉంది. గుండె, ఊపిరితిత్తులు తొందరగా దారికొస్తాయి. ఐదారు వారాలకే ఆయాసం తగ్గి 'అబ్బ, నాకు వచ్చేసింది' అనిపిస్తుంది. స్నాయువులకు, ఎముకలకు నెలలు పడుతుంది. ఊపిరి సరే అంటుంది, పిక్క ఒప్పుకోదు. నేను రెండో నెలలో ఆ ఉత్సాహంతో వారానికి ఆరు రోజులు పరుగెత్తాను, అదీ మా అబ్బాయి పాత బూట్లు వేసుకుని. పిక్కకు ముందుండే ఎముక లోపలి అంచు పొడుగునా నొప్పి పట్టుకుంది. మెట్లు దిగాలన్నా ఏడుపొచ్చేది. మూడు వారాలు ఇంట్లో కూర్చున్నాను. తప్పు నాదే, మరెవరిదీ కాదు.

కాబట్టి వారానికి మూడు రోజులే, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. మీకు పనికొచ్చే పద్ధతిని 1996లో జాష్ క్లార్క్ అనే అమెరికన్ యువకుడు తయారుచేశాడు, ప్రపంచమంతా పాకిపోయింది. యాభై దాటిన వాళ్ల అమ్మ కోసమే చేశాడట, అందుకే నాకు అదంటే అభిమానం. మొత్తం తొమ్మిది వారాలు. మొదటి వారంలో ఐదు నిమిషాలు చురుకైన నడకతో ఒళ్లు వేడెక్కించుకుని, తర్వాత ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడక చొప్పున ఇరవై నిమిషాలు. అంతే. క్రమంగా పరుగు పెరుగుతుంది, నడక తగ్గుతుంది, చివరికి ఆపకుండా అరగంట పరుగెత్తగలుగుతారు.

అందులో ఒక గొయ్యి ఉంది, తెలిసి ఉండటం మంచిది. ఐదో వారం మూడో రోజున ఒక్కసారిగా ఇరవై నిమిషాలు ఆగకుండా పరుగెత్తమంటుంది. అంతకు రెండు రోజుల ముందు చేసింది ఎనిమిదేసి నిమిషాల పరుగులే. చాలామంది అక్కడ భయపడి మానేస్తారు. ఎక్కం వేగంలో వెళ్తే సగం మందికి ఆశ్చర్యంగా అయిపోతుంది. అవ్వకపోతే ఆ వారాన్ని మళ్లీ చేయండి. మా ఆదివారం జట్టులో తొమ్మిది వారాల్లో పూర్తిచేసినవాళ్లు తక్కువ, పన్నెండు పదమూడు వారాలు పట్టినవాళ్లే ఎక్కువ. మీకున్నది పది వారాలు కదా అని లెక్కలు వేయకండి. దాని సంగతి చివర్లో చెబుతాను.

మధ్యలో నడవడం ఓటమి అనుకునే మగవాళ్లను చాలామందిని చూశాను (ఆడవాళ్లలో ఈ జబ్బు తక్కువ). జెఫ్ గాలోవే అనే ఆయన 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తినవాడు. పరుగు మధ్యలో ఒక లెక్క ప్రకారం నడవడాన్ని దశాబ్దాలపాటు మామూలు జనానికి నేర్పించాడు. ఆయన పద్ధతిలో మారథాన్లు, అంటే 42.195 కిలోమీటర్లు, పూర్తిచేసినవాళ్లు లెక్కలేనంత మంది. కిటుకు ఒక్కటే. అలిసిపోయాక కాదు, అలిసిపోకముందే నడవాలి. అలిసి నడిస్తే అది ఓడిపోయి నడిచినట్టుంటుంది. గడియారం చూసుకుని నడిస్తే అది పద్ధతిలో ఒక భాగం. ఆ ఖరీదైన గడియారం ఇందుకు పనికొస్తుంది.

ఇప్పుడు ప్రేరణ.

మన భాషకే పరుగంటే చులకన. 'పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలు' అని పెద్దలు చెప్పారు. నేను మొదలుపెట్టిన కొత్తలో మా అత్తగారు గుమ్మంలో నిలబడి 'ఎవరు తరుముతున్నారే నిన్ను?' అనేవారు. దానికి నా దగ్గర జవాబుండేది కాదు. ఇప్పటికీ సరైన జవాబు లేదు. పైగా ఆరంభశూరులమని మనకు మనమే పేరు పెట్టుకున్నాం. మీరు మూడుసార్లూ జనవరి 1నే మొదలుపెట్టడం నాకు నవ్వు తెప్పించింది. పోయిన జనవరిలో నా దగ్గరికి కొత్త బూట్లతో వచ్చినవాళ్లలో శివరాత్రి నాటికి మిగిలినవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవాళ్లు మిగతావారికంటే ఉత్సాహవంతులేమీ కాదు. వాళ్లు ఉత్సాహం మీద ఆధారపడలేదు, అంతే.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 96 మందిని గమనించారు. ఒక కొత్త పనిని రోజూ ఒకే సందర్భంలో చేస్తూ పోతే అది ఎన్నాళ్లకు అలవాటవుతుందని. సగటున 66 రోజులు పట్టింది. కానీ మనిషికీ మనిషికీ తేడా 18 రోజుల నుంచి 254 రోజుల వరకు ఉంది. 'ఇరవై ఒక్క రోజులు చేస్తే చాలు' అనే మాట వీడియోల్లో విని ఉంటారు, దాన్ని మరిచిపోండి. అదే పరిశోధనలో నాకు నచ్చింది మరొకటి ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. మీరు మూడుసార్లు మానేసిన కథలో ప్రతిసారీ 'ఒక రోజు తప్పింది, ఇక పోయింది అనుకున్నాను' అని ఉంది చూడండి. అక్కడ పోయింది ఒక్క రోజే. మిగతాది మీరే వదిలేశారు.

నేను చేసే ఏర్పాట్లు చాలా చిన్నవి, పైకి చెప్పుకోవడానికి కూడా బాగుండవు. రాత్రి పడుకునేముందు పరుగు బట్టలు కుర్చీ మీద, మేజోళ్లు బూట్లలో, బూట్లు తలుపు దగ్గర పెడతాను. పొద్దున ఐదింటికి నాలో తీర్మానాలు చేసే మనిషి ఇంకా లేవదు, లేచేది వంకలు వెతికే మనిషి. ఆవిడకు మేజోళ్లు వెతికే పని పెట్టకూడదు. రెండోది, కాఫీ. పరుగు నుంచి వచ్చాకే ఫిల్టరు కాఫీ. ఈ ఒక్క నియమం నన్ను లేపినంతగా ఏ మహానుభావుడి ప్రసంగమూ లేపలేదు. మూడోది, పది నిమిషాల ఒప్పందం. పది నిమిషాలు బయట ఉంటాను, ఆ తర్వాత కూడా వద్దనిపిస్తే వెనక్కి వచ్చేస్తాను. ఇది ఉత్తుత్తి ఒప్పందం కాకూడదు. నిజంగానే కొన్నిసార్లు వెనక్కి వచ్చాను. వచ్చిన రోజు నన్ను నేను తిట్టుకోలేదు. అందువల్లే మర్నాడు ఆ ఒప్పందాన్ని నమ్మగలిగాను.

ఈ పది నిమిషాల వెనక ఒక కారణం కూడా ఉంది. పరుగు మొదలవగానే కండరాలకు ఆక్సిజన్ అవసరం వెంటనే పెరుగుతుంది, అందించే యంత్రాంగం మాత్రం అందుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. ఆ లోటు కాలమంతా కష్టంగానే ఉంటుంది. పద్నాలుగేళ్ల తర్వాత కూడా మొదటి పది నిమిషాలు నాకు ఇష్టం లేదు. కాళ్లు కర్రల్లా ఉంటాయి, 'ఇవాళ మానేస్తే బాగుండేది' అనిపిస్తుంది. పన్నెండో నిమిషం దగ్గర ఎక్కడో ఊపిరి, అడుగు ఒకదానికొకటి సర్దుకుంటాయి. మీరు ఇప్పటివరకు చేసిన పరుగులన్నీ ఐదు నిమిషాల లోపే ఆగిపోయాయి. అంటే చెడ్డ భాగం మాత్రమే ముప్పైసార్లు చూశారు. ఆ తర్వాతి భాగం దాకా ఒక్కసారి కూడా వెళ్లలేదు. పరుగు మీద మీకు ఇష్టం కలగకపోవడంలో వింత ఏముంది?

లెక్క రాసుకోవడానికి ఫోను కంటే గోడ క్యాలెండరు మేలని నా నమ్మకం. మా వంటింట్లో తెలుగు క్యాలెండరుంది. ఏకాదశి, వర్జ్యం, పాలవాడి లెక్కల మధ్య, పరుగెత్తిన రోజు గడిలో ఎర్ర సిరాతో ఎన్ని నిమిషాలో రాస్తాను. ఎన్ని కిలోమీటర్లో రాయను. కిలోమీటర్లు రాస్తే వేగం లెక్కపెట్టబుద్ధి అవుతుంది. ఇంట్లోవాళ్లు వస్తూ పోతూ చూస్తారు. మా అత్తగారే ఒకసారి 'ఈ వారం రెండే ఉన్నాయేం?' అని అడిగారు. తరిమేవాళ్లు ఎవరో ఆవిడకు ఆ రోజు జవాబు దొరికినట్టే.

తోడు సంగతి. వాట్సాప్ బృందాలు నాకు పెద్దగా పనిచేయలేదు. అక్కడ నలభైమంది బొటనవేలు చూపిస్తారు, గేటు దగ్గర ఎవరూ నిలబడరు. ఐదుంపావుకు మలుపులో ఒక్క మనిషి మీకోసం ఎదురుచూస్తుంటే చాలు. మీ శ్రీమతి కూడా వస్తానంటున్నారని, కానీ వేగాలు కలవవేమోనని రాశారు. దానికి సులువైన ఉపాయం ఉంది. ఇద్దరూ ఒకేచోట బయలుదేరి ఎవరి వేగంలో వాళ్లు వెళ్లండి. సరిగ్గా పన్నెండు నిమిషాలకు ఎక్కడున్నవాళ్లు అక్కడే వెనక్కి తిరగండి. వచ్చేటప్పుడూ అదే వేగం నిలుపుకుంటే ఇద్దరూ బయలుదేరిన చోటికి ఒకేసారి చేరతారు. ఎవరు ముందు వచ్చారో చూస్తే ఎవరు తొందరపడి మొదలుపెట్టారో కూడా తెలిసిపోతుంది. ఆలస్యంగా వచ్చేది మీరే అవుతారని నా పందెం. ఆవిడ బూట్లతోపాటు పరుగుకని చేసిన లోదుస్తులు కూడా కొనుక్కోవాలి. దానిమీద డబ్బు ఆదా చేయవద్దని చెప్పండి. చాలామంది ఆడవాళ్లు మొదటి వారంలోనే మానేసే కారణాల్లో ఇదొకటి, ఎవరూ పైకి చెప్పరు.

మోకాళ్లు అరిగిపోతాయని మీ అమ్మగారు భయపడుతున్నారు. ఈ భయం ప్రతి ఇంట్లోనూ ఉంది. 2017లో అనేక పరిశోధనలను కలిపి చూసిన ఒక సమీక్షలో, సరదాకు పరుగెత్తేవారిలో మోకాలు, తుంటి కీళ్ల అరుగుదల సుమారు 3.5 శాతం మందిలో కనిపించింది. అసలు పరుగెత్తనివారిలో అది 10 శాతం పైనే ఉంది. పోటీల స్థాయిలో ఏళ్ల తరబడి పరుగెత్తేవారిలో మాత్రం 13 శాతం దాటింది. మనం ఆ మూడో జాతి కాదు. అయితే ఇప్పటికే మోకాలి నొప్పి ఉన్నా, బరువు చాలా ఎక్కువున్నా రెండు నెలలు నడకతోనే మొదలుపెట్టడం మంచిది. నొప్పుల్లో తేడా కూడా తెలుసుకోండి. తొడలు, పిక్కలు మొత్తం సలుపుతూ రెండు రోజుల్లో తగ్గితే అది కొత్త పని చేసిన నొప్పి. ఒక్క వేలితో 'ఇదిగో ఇక్కడ' అని చూపించగలిగేదై, పరుగెత్తేకొద్దీ పెరిగితే ఆగిపోవాలి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద మేకు గుచ్చినట్టుంటే అది అరికాలి పొర వాచిందనడానికి గుర్తు. దాన్ని ఓర్చుకుని పరుగెత్తితే నెలల తరబడి వదలదు.

నలభై దాటారు, కూర్చుని చేసే ఉద్యోగం. బీపీ, షుగరు, మీ నాన్నగారి వైపు గుండెజబ్బు ఏదున్నా మొదలుపెట్టకముందే వైద్యుడికి చూపించుకోండి. షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారు పరుగు వల్ల చక్కెర మరీ పడిపోకుండా మోతాదు గురించి ముందే అడగాలి. జేబులో కొంచెం పంచదారో, నాలుగు గ్లూకోజు బిళ్లలో పెట్టుకోవాలి. పరుగులో ఛాతీ బిగబట్టినట్టయినా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, కళ్లు తిరిగినా అక్కడికక్కడ ఆగిపోయి సాయం పిలవండి. 'ఇంటికెళ్లాక చూద్దాం' అనకూడదు.

బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉండాలి. రంగు, రకం, పక్కింటివాళ్ల సలహా ఏదీ ముఖ్యం కాదు. వేసుకుని షాపులోనే నాలుగడుగులు పరుగెత్తితే ఇబ్బంది అనిపించకపోవడమే ముఖ్యం. ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా వస్తుంది, అంటే మొదటి ఏడాది మీకు రెండోది అక్కరలేదు. నూలు బనియను చెమట పీల్చి బరువెక్కి ఒరుసుకుంటుంది. ఆరిపోయే గుడ్డ వేసుకోండి. ఒరుసుకునే చోట కొబ్బరినూనె రాసుకుంటే చాలు.

బరువు తగ్గడాన్ని ప్రేరణగా పెట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. పరుగులో ఖర్చయ్యేది కిలోమీటరుకు, మీ బరువులో ప్రతి కిలోకు, సుమారు ఒక క్యాలరీ. 80 కిలోల మనిషి 3 కిలోమీటర్లు పరుగెత్తితే 240. ఆ తర్వాత 'కష్టపడ్డాను కదా' అని తినే పూరీ కూరతో ఆ లెక్క మూసేయవచ్చు, మీకు పద్దులు నేను చెప్పాలా? బరువు తగ్గాలంటే కంచం దగ్గర తగ్గాలి. తూకం యంత్రం మీద ఆశ పెట్టుకుని పరుగెత్తినవాళ్లు రెండో నెలలో అది కదలకపోయేసరికి మానేస్తారు. నాకు ముందుగా మారింది నిద్ర. ఆ తర్వాత మా బ్యాంకు మూడో అంతస్తు మెట్లు.

మీ ఊరి ఎండ గురించి నేను చెప్పనక్కరలేదు, బ్లేజ్‌వాడ అని పేరు పెట్టుకున్నవాళ్లు మీరే. అదృష్టవశాత్తూ ఇప్పుడు మొదలుపెడితే చలికాలంలోకి వెళ్తారు. రోళ్లు పగిలే రోహిణి కార్తె వచ్చేసరికి అలవాటు పడి ఉంటారు. ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. అప్పుడు కూడా గడియారం కాదు, ఎక్కమే ప్రమాణం. అరగంట లోపు పరుగుకు మధ్యలో నీళ్లు అక్కరలేదు. ఇంటికొచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ గ్లాసు చాలు. కృష్ణ ఒడ్డున ఘాట్ల పక్కన పొద్దున్నే బాగుంటుంది. ప్రకాశం బ్యారేజీ మీద మాత్రం బండ్ల మధ్య వద్దు. చీకట్లో లేతరంగు చొక్కా వేసుకుని ఎదురొచ్చే బండ్లు కనిపించే వైపున వెళ్లండి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపేసి నడవండి. వాటికి పారిపోయేదాన్ని తరమడం సరదా, నడిచే మనిషి మీద ఆసక్తి ఉండదు. నెమ్మదిగా పరుగెత్తడంలో ఇదొక లాభం. నన్ను చూసి లేచిన కుక్కలు కొన్ని మళ్లీ పడుకున్నాయి.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఈ పద్నాలుగేళ్లలో నేనూ మానేశాను. ఆరో ఏట అమ్మకు ఒంట్లో బాగాలేక నాలుగు నెలలు ఆసుపత్రి, ఇల్లు, బ్యాంకు తప్ప మరో దారి లేకపోయింది. తర్వాత బూట్లు తొడుక్కున్న రోజు మళ్లీ మొదటి వారం దగ్గరే మొదలుపెట్టాను, ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడక. అప్పటికి రెండు హాఫ్ మారథాన్లు, అంటే 21 కిలోమీటర్లు చొప్పున, పూర్తిచేసినదాన్ని. చాలా అవమానంగా అనిపించింది. కానీ తొమ్మిది వారాల పద్ధతి ఐదు వారాల్లోనే అయిపోయింది. ఒకసారి అలవాటైన ఒళ్లు తొందరగా గుర్తు తెచ్చుకుంటుంది. ఆ తర్వాత పిల్లల పరీక్షలు, బదిలీ, వేసవి జ్వరం, ఇలా మరో మూడుసార్లు ఆగాను. మీరు మూడుసార్లు మానేశాను అని నేరం ఒప్పుకున్నట్టు రాశారు. నాది నాలుగు.

ఇక డిసెంబరు పరుగు. పేరు వెనక్కి తీసుకోకండి. తేదీ అనేది మంచి తోడు, రోజులు లెక్కపెట్టిస్తుంది. పది వారాల్లో మీరు ఆపకుండా అరగంట పరుగెత్తే స్థితికి రావచ్చు, రాకపోవచ్చు. రాకపోతే మూడు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక చొప్పున 5 కిలోమీటర్లు పూర్తిచేయండి. నన్నడిగితే ఎలాగూ అదే చేయమంటాను. ఆఫీసు ఆయన మీ పక్కన నిలబడి 'కలిసి వెళ్దాం' అంటారు. నమస్కారం పెట్టి వెనక్కి వెళ్లి అందరికంటే చివర్లో నిలబడండి. ఈల వేయగానే జనం బడిపిల్లల్లా ఉరుకుతారు. నేను మొదటిసారి హైదరాబాద్ మారథాన్‌లో ఇరవై ఒకటికి దిగినప్పుడు అదే చేసి, తర్వాత ఎదురైన ప్రతి ఫ్లైఓవరు మీదా శిక్ష అనుభవించాను. మీరు మొదటి కిలోమీటరంతా పదమూడో ఎక్కం అప్పజెబుతూ వెళ్లండి. మూడో కిలోమీటరు దగ్గర నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడినవాళ్లు కనిపించడం మొదలవుతుంది. వాళ్లలో మీ ఆఫీసు ఆయన ఉంటే పలకరించి వెళ్లండి.

ఆ రోజున ఏదీ కొత్తది వద్దు. కొత్త బూట్లు వద్దు, వాళ్లిచ్చే కొత్త చొక్కా కూడా అప్పుడే తొడుక్కోవద్దు. బయలుదేరే గంట ముందు ఒక అరటిపండు చాలు. నంబరు కాగితాన్ని చొక్కాకు ముందురోజు రాత్రే పెట్టేసుకోండి. తెల్లవారుజామున ఇల్లంతా వెతికినా నాలుగో పిన్నీసు దొరకదు.